గురువారం ఇంటికి వస్తున్న తమ్ముడు

ప్రశ్న: మా తమ్ముడికి నలభై రెండేళ్లు. పంతొమ్మిదేళ్లు సైన్యంలో పనిచేసి నాలుగేళ్ల కిందట బయటికి వచ్చాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎప్పుడో ఒకసారి తాగేవాడు. ఇంటికి వచ్చాక అది రోజూ అయింది. వెన్నుకు తగిలిన దెబ్బకు డాక్టర్లు రాసిన ఓపియాయిడ్ (నల్లమందు తరహా) నొప్పి మాత్రలు కూడా మోతాదు మించి మింగడం మొదలుపెట్టాడు. ఆరు వారాలుగా ఆసుపత్రిలో ఉన్నాడు. వచ్చే గురువారం పంపించేస్తామన్నారు. ఇంట్లో మరదలు, పదమూడేళ్ల మేనకోడలు ఉంటారు. నేను దగ్గరలోనే ఉంటాను. మాకందరికీ భయంగా ఉంది. రోజూ అతని గది వెతకాలా? డబ్బు చేతికి ఇవ్వకూడదా? పాత యూనిట్ స్నేహితులు వస్తే తాగుడే కాబట్టి వాళ్లను రానివ్వకూడదా? రాత్రిళ్లు కేకలు వేస్తూ లేచేవాడు, అప్పుడేం చేయాలి? యూనిఫాం, పతకాలు ఉన్న ఇనుప పెట్టె తెరిచిన రోజున ఎక్కువ తాగేవాడని దాన్ని అటక ఎక్కించేశాం. మంచి పనేనా? తాగుడు మాన్పించడానికి అతనికి తెలియకుండా కలిపి ఇచ్చే మందు ఒకటి తెచ్చిస్తానని ఒక బంధువు అంటున్నాడు.
– ఒక అక్క

జవాబు: అమ్మా, మీరు చివర్లో ఒక్క వాక్యంతో వదిలేసిన సంగతితోనే మొదలుపెడతాను. ఆ మందు వద్దు. మీ బంధువుకు ఈ రోజే చెప్పేయండి. అలా దొంగచాటుగా ఇచ్చే పొడుల్లో ఏముంటుందో చాలాసార్లు అమ్మేవాళ్లకే తెలియదు. ఒకవేళ అందులో ఉన్నది తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అయితే ఇంకా ప్రమాదం. 1951లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందును ఇప్పటికీ వాడతారు, సరైన పద్ధతిలో వాడితే మేలు చేస్తుంది. కానీ అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, రక్తపోటు పడిపోతుంది. కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. మందు ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉండవచ్చు. తను ఏం వేసుకుంటున్నాడో తెలిసిన మనిషి జాగ్రత్త పడతాడు. తెలియని మనిషి ఏమని జాగ్రత్త పడతాడు? పైగా నిజం బయటపడిన రోజు నుంచి మీ తమ్ముడు మీరిచ్చిన మంచినీళ్లను కూడా అనుమానంగా చూస్తారు.

ఇక మిగతావి. మీ ఉత్తరంలో కాపలా అన్న మాట లేదు కానీ, అడిగినవి దాదాపు అన్నీ కాపలా గురించే. గది వెతకాలా, డబ్బు ఆపాలా, స్నేహితులను ఆపాలా, పెట్టె దాచాలా. ఇరవై ఏళ్లుగా మత్తు అలవాట్లు మానేవాళ్లతో పనిచేస్తున్నాను, డిశ్చార్జికి వారం ముందు ప్రతి కుటుంబమూ ఇవే అడుగుతుంది. అది ప్రేమతో పుట్టిన భయమే. అయినా కాపలా వల్ల నిలదొక్కుకున్నవాళ్లను నేను పెద్దగా చూడలేదు. రోజు గడిచే తీరు మారినవాళ్లు నిలదొక్కుకోవడం మాత్రం చూశాను.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన అమెరికన్ సైనికుల మీద లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనం ఒకటి ఉంది. 1971లో స్వదేశానికి చేరినవాళ్లను ఆమె బృందం వెతికి పట్టుకుని మాట్లాడింది. అక్కడ ఉన్నప్పుడు సుమారు ఐదుగురిలో ఒకరు హెరాయిన్ వంటి మత్తుమందులకు బానిసలయ్యారు. వీళ్లంతా ఇంటికి వచ్చాక కూడా అలాగే ఉంటారని ప్రభుత్వం భయపడింది. అలా జరగలేదు. బానిసలైనవాళ్లలో తిరిగి వచ్చిన ఏడాదిలోపు మళ్లీ ఆ స్థితికి చేరినవాళ్లు నూటికి ఐదుగురు. మూడేళ్ల తర్వాత చూసినా నూటికి పన్నెండు మందే. దీనికి కారణాలు ఎన్నో చెబుతారు. నాకు పెద్దదిగా కనిపించేది చోటు మారడం. మత్తును గుర్తుచేసే మనుషులు, వేళలు, భయాలు అన్నీ సముద్రం అవతల ఉండిపోయాయి.

మీ తమ్ముడిది సరిగ్గా దీనికి ఎదురు దారి. ఆయన తాగుడు ముదిరింది ఇంట్లో. ఆసుపత్రిలో ఆరు వారాలు నెగ్గుకొచ్చారంటే అందులో ఆయన పట్టుదల ఉంది, వైద్యం ఉంది. దానితో పాటు, రోజూ కూర్చుని తాగిన ఆ కుర్చీ అక్కడ లేకపోవడం కూడా ఉంది. గురువారం ఆయన తిరిగి ఆ కుర్చీ దగ్గరికే వస్తున్నారు. మళ్లీ మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది మొదటి మూడు నెలల్లోనే మొదలుపెడతారు, ఎందుకో దీన్నిబట్టే తెలుస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక మాజీ సైనికుడి గురించి చెబుతాను. ఆయన ఉద్యోగం వదిలాక కూడా తెల్లవారుజామున ఐదింటికి లేచి బూట్లకు పాలిష్ పెట్టేవారు. ముందు బ్రష్‌తో దుమ్ము దులిపేవారు. గుడ్డను చూపుడు వేలికి బిగించి చుట్టుకుని, చిన్న చిన్న సున్నాలు చుడుతూ, ముక్కు భాగం అద్దంలా మెరిసేదాకా రుద్దేవారు. తర్వాత వాటిని గుమ్మం పక్కన జతగా, మడమలు కలిపి పెట్టేవారు. వాటిని వేసుకుని వెళ్లాల్సిన చోటు లేదు. ఆరు కొట్టేసరికి ఆయన రోజు అయిపోయేది. ఇక రాత్రి దాకా ఉన్న వేళంతా మద్యానిదే. ఆయన భార్య ఏడాది పాటు సీసాలు వెతుకుతూనే ఉంది. బూట్లు మెరిశాక ఏం చేద్దామని ఆయన్ను ఎవరూ అడగలేదు. మొదటి కొన్ని నెలలు నేనూ అడగలేదు, ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది. చివరికి ఆయనకు ఉదయం పూట పిల్లలకు పరుగు పందేలు నేర్పే పని దొరికింది. జీతం నామమాత్రం. కానీ ఆరున్నరకు పదిహేను మంది పిల్లలు మైదానంలో ఆయన కోసం ఎదురుచూసేవారు. వైద్యం, మందులు అంతకుముందు కూడా ఉన్నాయి. అవి పట్టు చిక్కించుకున్నది ఈ పని దొరికాకే.

కాబట్టి గురువారం లోపు ఒకసారి మీరూ మరదలూ ఆసుపత్రికి వెళ్లి, కౌన్సెలర్ ఎదురుగా ఆయనతో కూర్చోండి. ఇంటికి వచ్చాక రోజు ఎలా గడపాలో ఆయన చేతే కాగితం మీద రాయించండి. మీరు రాసి ఇస్తే అది ఆదేశంలా ఉంటుంది, దానికి ఆయన తలూపుతారు, అంతే. ముఖ్యంగా సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా ఎక్కడ, ఎవరితో, ఏం చేస్తూ ఉంటారన్నది రాయాలి. నడక కావచ్చు, వెన్నునొప్పికి ఫిజియోథెరపీ కావచ్చు, కూతురికి లెక్కలు చెప్పడం కావచ్చు. ఆ కుర్చీని ఏం చేద్దామని కూడా ఆయన్నే అడగండి. గదిలో, బయటా సీసాలు ఇంకెక్కడ ఉన్నాయో అడిగి, ఆయన చెప్పిన చోట్ల నుంచి ఆయన అనుమతితో ఇంటికి రాకముందే తీసేయండి. ఇది వెతకడం కిందికి రాదు. ఆ తర్వాత రోజూ దిండ్ల కింద చేతులు పెట్టకండి. తాగాలన్న కోరిక వచ్చినప్పుడు అది కెరటంలా లేచి, సాధారణంగా అరగంట లోపే తగ్గుతుందని కూడా ఆయన తెలుసుకోవాలి. ఆ అరగంటకు ఎవరికి ఫోను చేయాలో కాగితం మీద పేరు ఉండాలి. అది మీ పేరే కానక్కర్లేదు.

ఆసుపత్రి నుంచి బయటికి అడుగుపెట్టే ముందే తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ చేతిలో ఉండాలి, అది వారం దాటకూడదు. మందుల పట్టిక, అర్ధరాత్రి అవసరమైతే పిలవాల్సిన నంబరు కూడా అడిగి తీసుకోండి.

ఇప్పుడు చెప్పేది దయచేసి రెండుసార్లు చదవండి. మీ తమ్ముడి విషయంలో మద్యం కంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఆ నొప్పి మాత్రలు. రోజూ పెద్ద మోతాదు వేసుకునే ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి వస్తుంది. ఆరు వారాలు మానేస్తే ఆ శక్తి పోతుంది. పాత అలవాటు కొద్దీ పాత మోతాదే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఆసుపత్రుల నుంచి, జైళ్ల నుంచి బయటికి వచ్చిన తొలి వారాల్లో ఇలాంటి మరణాలు ఎక్కువ జరగడానికి కారణం ఇదే. మద్యం, నిద్రమాత్రలు తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇంట్లో మిగిలిన పాత మాత్రలన్నీ మందుల షాపుకో ఆసుపత్రికో తిరిగి ఇచ్చేయండి. నాలొక్సోన్ అనే విరుగుడు మందు ఉంది, ముక్కులో కొట్టే స్ప్రేగానూ ఇంజెక్షన్‌గానూ వస్తుంది. అది మీకు దొరుకుతుందా, ఎలా వాడాలి అని డాక్టరును అడిగి, మీరూ మరదలూ నేర్చుకోండి. పిలిచినా, భుజం తట్టినా లేవకపోవడం, శ్వాస బాగా నెమ్మదించడం, గురకలాంటి గరగర శబ్దం, పెదవులు నీలం తిరగడం, కంటిపాపలు సూదిమొనంత కావడం కనిపిస్తే వెంటనే అంబులెన్సును పిలవాలి. నాలొక్సోన్ ఉంటే ఇచ్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, సాయం వచ్చేదాకా అక్కడే ఉండాలి. నిద్రపోతున్నారులే అని తలుపు దగ్గరకు వేసి వెళ్లిపోయిన ఇళ్లను నేను చూశాను.

ఇంకో మందు గురించి కూడా డాక్టరుతో మాట్లాడండి. నాల్ట్రెక్సోన్‌ను అమెరికాలో 1984లో ఓపియాయిడ్ల అలవాటుకు, 1994లో మద్యం అలవాటుకు అనుమతించారు. మీ తమ్ముడికి రెండు అలవాట్లూ ఉన్నాయి కాబట్టి ఇది సరిపోతుందా అని అడగడం సబబు. ఒంట్లో ఓపియాయిడ్ ఉండగా దీన్ని ఇస్తే తీవ్రమైన బాధలు పుడతాయి, అందుకే కనీసం వారం పది రోజులు మాత్రలు మానాకే మొదలుపెడతారు. దీన్ని వాడుతున్నట్లు ఆయన్ను చూసే ప్రతి డాక్టరుకూ చెప్పాలి. అసలు వెన్నునొప్పికి ఏం చేస్తారన్నది కూడా తేలాలి. నొప్పిని పళ్ల బిగువున భరించమని పంపిస్తే, ఆ మనిషిని మాత్రల వైపు నెట్టినట్లే.

రాత్రి కేకల గురించి అడిగారు. మొదటి వారాల్లో అవి తగ్గకపోగా పెరగవచ్చు, మీరు దానికి సిద్ధంగా ఉండాలి. మనకు కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశను మద్యం అణిచేస్తుంది. తాగుడు మానగానే అన్నాళ్లూ అణిగిన ఆ దశ ఒక్కసారిగా తిరిగి వస్తుంది, పీడకలలూ దానితో పాటు వస్తాయి. చాలా కుటుంబాలు ఇక్కడే మోసపోతాయి. తాగినప్పుడే కాస్త నిద్రపోయేవాడు, వైద్యం వికటించింది అనుకుంటాయి. ఆయన కూడా అలాగే అనుకుంటే సీసా వైపు చేయి వెళుతుంది. ఇది ముందే ఆయనకు చెప్పండి. కేక వినిపించినప్పుడు మీద చేయి వేసి కుదపకండి. నిద్రలో ఉన్న సైనికుడి చేయి ముందు లేస్తుంది, ఆ తర్వాతే ఆయనకు మెలకువ వస్తుంది. గది లైటు వేసి, కాళ్ల వైపు కాస్త దూరంగా నిలబడి, పేరు పెట్టి పిలవండి. "నువ్వు ఇంట్లో ఉన్నావు, నేను మీ అక్కను" అని మామూలు గొంతుతో రెండు మూడుసార్లు చెప్పండి. ఏం కల వచ్చిందని ఆ వేళ అడగవద్దు.

ఈ కలలకు కారణమైన మనసు గాయానికి ఆసుపత్రిలో చికిత్స మొదలైందా అని తప్పక అడగండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దీన్ని షెల్ షాక్ అన్నారు, చాలామందిని పిరికివాళ్లుగా ముద్ర వేశారు. 1980లో గానీ అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల గ్రంథంలో దీనికి పీటీఎస్‌డీ (గాయం తర్వాత మిగిలిపోయే మానసిక ఒత్తిడి జబ్బు) అని పేరు పెట్టి చోటివ్వలేదు. ముందు తాగుడు మానాలి, తర్వాతే మనసు సంగతి అనే పద్ధతి చాలాకాలం నడిచింది. ఇప్పుడు రెండింటికీ కలిపి చికిత్స చేస్తున్నారు. నా మటుకు నాకు అదే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే ఎంతోమంది తాగేది ఆ కలలను ఆపడానికే.

స్నేహితులను రానివ్వకూడదా అన్న ప్రశ్నకు నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. అందరినీ ఆపకండి. ఆ పంతొమ్మిదేళ్లలో ఏం జరిగిందో ఆయన మీకు చెప్పలేదు, చెప్పరు కూడా. వాళ్లకు చెప్పనక్కర్లేదు, వాళ్లు అక్కడే ఉన్నారు. ఆ బంధం తెంచితే మనిషి ఇంకా ఒంటరి అవుతాడు. అయితే సీసాతో వచ్చేవాళ్లకు కొన్ని నెలల పాటు తలుపు తెరవద్దు, ఆ మాట ఆయనే ఫోనులో చెప్పేలా చూడండి. ఆ యూనిట్‌లో తాగని మనిషో, తాగుడు మానేసిన మనిషో ఒక్కరైనా ఉంటారు. ఆయన్ను వెతకండి. ఉదయం పూట నడకకు రమ్మనండి. 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం మొదలైంది ఇలాగే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా పనిచేసిన బిల్ విల్సన్, తాగుడుతో సతమతమవుతున్న బాబ్ స్మిత్ అనే డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని మానగలిగారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఆ సమావేశాలు జరుగుతాయి, రుసుము ఉండదు. అందరికీ అవి పడతాయని చెప్పను. ఒకటి నచ్చకపోతే ఇంకోదానికి వెళ్లి చూడమనండి.

డబ్బు విషయంలో ఆయనకు చెప్పకుండా ఏదీ చేయవద్దు. పింఛను పడే రోజు ప్రమాదకరమైన రోజు. ఆ రోజున ఇద్దరూ కలిసి వెళ్లాలని, మొదటి మూడు నెలలు పెద్ద మొత్తాలు మరదలి దగ్గర ఉండాలని ఆయనే ఒప్పుకుంటే మంచిది. అంతకంటే జాగ్రత్తగా చూడాల్సిన రోజులు ఇంకొన్ని ఉంటాయి. సహచరుడు చనిపోయిన తేదీ లాంటివి. ఆ తేదీలు క్యాలెండరులో ఉండవు, ఆయన తలలో ఉంటాయి. ఏ రోజులు బరువుగా ఉంటాయో ఒకసారి నెమ్మదిగా అడగండి. చెప్తే, ఆ రోజున ఎవరో ఒకరు పక్కన ఉండేలా చూసుకోండి.

ఒకరోజు తాగి వస్తే? రావచ్చు. అప్పుడు జరిగే పెద్ద నష్టం ఆ ఒక్క గ్లాసు వల్ల జరగదు. "ఎలాగూ తాగేశాను, ఇక అంతా పోయింది" అన్న ఆలోచన వల్ల జరుగుతుంది. ఆ మాటను ఇంట్లోవాళ్లే ముందు అనేస్తే ఆయనకు తిరుగుదారి మూసుకుపోతుంది. తాగి ఉన్నప్పుడు వాదన పెట్టుకోకండి. మర్నాడు పొద్దున డాక్టరుకు ఫోను చేయండి, ఆయన చేతే మాట్లాడించండి. కాని వరుసగా కొన్ని రోజులు గట్టిగా తాగితే మాత్రం, ఇంట్లోనే హఠాత్తుగా మాన్పించే ప్రయత్నం చేయవద్దు. ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చెడి ఏవేవో కనిపించే స్థితి రావచ్చు, అది ప్రాణాంతకం. తిరిగి ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

ఇంట్లో తుపాకీ ఉంటే గురువారానికి ముందే బయటికి పంపండి, చట్టప్రకారం ఎక్కడ భద్రపరచవచ్చో అక్కడ. మీకు ఆందోళన కలిగిన ఏ రోజైనా "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. అవునంటే ఆయన్ను ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడు వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

మీ ఉత్తరంలో మరదలి గురించి ఒక్క మాటే ఉంది, మేనకోడలి గురించి కూడా అంతే. ఆ పిల్లకు పదమూడేళ్లు. నాలుగేళ్లుగా ఆ పిల్ల అడుగుల చప్పుడును బట్టి తండ్రి తాగాడో లేదో చెప్పగలిగే స్థితిలో పెరిగి ఉంటుంది. నాన్న జబ్బు తన తప్పు కాదని, నాన్నను మార్చడం తన పని కాదని ఎవరైనా పక్కన కూర్చుని చెప్పాలి. ఆ పని మీరు చేయగలరు, మేనత్త కాబట్టి. మరదలికి తనలాంటి భార్యలతో మాట్లాడే చోటు కావాలి. తాగేవారి కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ సమావేశాలు అందుకోసమే. ఇంకో సంగతి, ఎప్పుడైనా చేయి చేసుకుంటే, తల్లీ కూతురూ ఆ క్షణమే మీ ఇంటికి వచ్చేయాలి. అది ఆయన్ను వదిలేయడం కాదని ముందే వాళ్లిద్దరికీ, ఆయనకూ చెప్పి ఉంచండి.

ఇక ఆ పెట్టె. మంచి ఉద్దేశంతోనే దాచారు. కానీ అటక మీదికి ఎక్కింది ఆయన పంతొమ్మిదేళ్లు. ఇంటికి వచ్చి, అది కనిపించక, దొంగిలించిన వస్తువును వెతికినట్లు వెతుక్కోవాల్సిన పరిస్థితి రానివ్వకండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడే "పెట్టె పైన పెట్టాం, భయపడి పెట్టాం" అని చెప్పండి. ఎప్పుడు దించాలో ఆయన్నే నిర్ణయించుకోమనండి, తాళంచెవి ఆయన చేతిలోనే ఉంచండి. తెరవాలనుకుంటే పగటిపూట, తాగని ఆ స్నేహితుడు పక్కన ఉండగా తెరవమనండి. మీరు ఆ గదిలో ఉండనక్కర్లేదు. పిలిస్తే వెళ్లండి. ఒక్కో వస్తువూ తీసి ఇది ఎవరిదో, ఎక్కడిదో చెబుతారేమో, వినండి.